ఒకే గానం, మూడు వాద్యరూపాలు: షనయా ట్వేన్ 'అప్!' ఆల్బమ్‌లో కంట్రీ లక్షణం – పరిశీలన

వ్యాససంగ్రహం

కెనడా గాయని షనయా ట్వేన్ 2002లో వెలువరించిన 'అప్!' ఆల్బమ్‌లోని 19 పాటలు మూడు వేర్వేరు వాద్యరూపాలలో విడుదలయ్యాయి. సాహిత్యం, వరుస, గాత్రం దాదాపు మారకుండా వాద్యసహకారం మాత్రమే మారిన ఈ ఆల్బమ్‌ను ఆధారంగా చేసుకొని, ఒక పాటను 'కంట్రీ' అనిపించే లక్షణం ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఆ లక్షణాన్ని రుజువు చేసుకోవలసిన భారం గాయనుల మీద ఎలా పడిందో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కంట్రీ సంగీతం, పాప్, పాఠభేదం, మాతు–ధాతువులు, వాద్యసహకారం, షనయా ట్వేన్.

ఉపోద్ఘాతం

గీతం, వాద్యం, నృత్తం – ఈ మూడింటి కలయికే సంగీతమని 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో నిర్వచించాడు. పాటలోని మాటను 'మాతు' అనీ, స్వరరచనను 'ధాతు' అనీ వ్యవహరించి, రెండింటినీ కూర్చగలవాడిని వాగ్గేయకారుడన్నాడు. తెలుగు పరిశోధకులకు ఈ విభజన అన్నమాచార్యుల సందర్భంలో నిత్యం ఎదురయ్యేదే. తాళ్లపాక కవుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద రాగనామాలతో దొరికాయి. స్వరరచన దొరకలేదు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన విద్వాంసులు వాటిలో అనేకం స్వరపరిచారు. ధాతువు కొత్తదైనా మాతువు నిలిచింది కాబట్టి అవి అన్నమయ్య పాటలుగానే చలామణి అవుతున్నాయి.

దీనికి విపర్యయమైన స్థితిని ఊహించవచ్చు. మాతువు అదే, ధాతువు అదే, పాడిన గొంతూ అదే. వెనుక మోగే వాద్యాలు మాత్రం మారాయి. అప్పుడు అది ఒక పాటా, మూడు పాటలా? ఏ సంప్రదాయానికి చెందిన పాట? ఇది ఊహ కాదు, 'అప్!' ఆల్బమ్ విషయంలో జరిగిన సంగతి. వ్యాపార ప్రయోజనం కోసం చేసిన ఏర్పాటే అయినా, సంగీతప్రక్రియల స్వరూపాన్ని అధ్యయనం చేసేవారికి ఇంత శుభ్రమైన ప్రయోగం అరుదుగా దొరుకుతుంది.

'కంట్రీ' అన్న పేరు

కంట్రీ సంగీతాన్ని తెలుగులో 'జానపద సంగీతం' అని అనువదించడం కనిపిస్తుంది. ఆ అనువాదం సరికాదు. జానపదగేయానికి కర్త అజ్ఞాతుడు. అది మౌఖికంగా ప్రసరిస్తూ పాడేవారి నోట మారుతుంది. కంట్రీ పాటకు పేరున్న రచయిత ఉంటాడు, ప్రచురణహక్కు ఉంటుంది, రాయల్టీ ఉంటుంది. అది జానపద మూలాల నుంచి వచ్చినా, రికార్డింగ్ పరిశ్రమ చేతిలో రూపుదిద్దుకొన్న ప్రక్రియ.

1920లలో అమెరికా రికార్డు కంపెనీలు దక్షిణాది శ్వేతజాతి గాయకుల పాటలను 'హిల్‌బిల్లీ' అనీ, నల్లజాతి గాయకుల పాటలను 'రేస్ రికార్డులు' అనీ వేరుచేసి అమ్మాయి. పక్కపక్క ఊళ్లలో, ఒకరి బాణీలు ఒకరు నేర్చుకొంటూ పాడినవారిని కేటలాగు విడదీసింది. 1927లో టెనెసీ రాష్ట్ర సరిహద్దు పట్టణమైన బ్రిస్టల్‌లో రాల్ఫ్ పీర్ అనే నిర్మాత కార్టర్ కుటుంబాన్నీ, జిమ్మీ రోజర్స్‌నూ రికార్డు చేయడంతో ఈ వ్యాపారం స్థిరపడింది. 'హిల్‌బిల్లీ' అన్న మాటలో కొండప్రాంతపు మోటుమనిషి అన్న చులకన ఉంది. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన జాబితాలకు 'కంట్రీ అండ్ వెస్టర్న్' అన్న శీర్షికను స్వీకరించింది. అదే ఏడాది 'రేస్' స్థానంలో 'రిథమ్ అండ్ బ్లూస్' వచ్చింది. ప్రక్రియల పేర్లు సంగీత లక్షణాల నుంచి కాక, అమ్మకపు పట్టికల నుంచి పుట్టాయన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

కంట్రీకి గుర్తులుగా నిలిచిన వాద్యాల చరిత్ర కూడా ఇలాంటిదే. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవారు తెచ్చిన వాద్యాల సంతతి. స్టీల్ గిటార్ హవాయి దీవులది. ఫిడేలు ఐరోపా నుంచి వచ్చిన వయొలినే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు చేతిలో కర్ణాటక సంగీతాన్ని పలికిన వాద్యమూ, నాష్‌విల్‌లో ఫిడేలుగా పిలిచే వాద్యమూ నిర్మాణంలో ఒక్కటే; తేడా శ్రుతిచేసే తీరులో, పట్టుకొనే భంగిమలో, కమాను వేసే పద్ధతిలో ఉంది.

వీటిలో పెడల్ స్టీల్ గిటార్‌కు ప్రత్యేక స్థానం ఉంది. చిన్న బల్లలాంటి చట్రం మీద తంత్రులు బిగించి ఉంటాయి. వాదకుడు కూర్చుని కుడిచేత్తో మీటుతూ, ఎడమచేతిలోని ఉక్కుకడ్డీని తంత్రుల మీద జారుస్తాడు. పాదాల కింది పెడళ్లూ, మోకాళ్ల దగ్గరి మీటలూ నొక్కినప్పుడు మోగుతున్న తంత్రి శ్రుతి మారుతుంది. ఒక స్వరం నిలిచి ఉండగానే పక్క స్వరం జారుతుంది. మన పరిభాషలో జారుగమకానికి దగ్గరగా వినిపించే ఈ నాదమే శ్రోతకు 'ఇది కంట్రీ' అని క్షణంలో చెప్పేస్తుంది.

సరిహద్దు దగ్గర గాయనులు

కంట్రీ, పాప్‌ల మధ్య రాకపోకలు షనయా ట్వేన్‌తో మొదలుకాలేదు. 1950ల చివర రాక్ అండ్ రోల్ ధాటికి అమ్మకాలు తగ్గిన సమయంలో, చెట్ ఆట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటి నిర్మాతలు ఫిడేలును వెనక్కు నెట్టి, తంత్రీవాద్యబృందాన్నీ మృదువైన బృందగానాన్నీ ముందుకు తెచ్చారు. 'నాష్‌విల్ సౌండ్' అన్న పేరు దీనికే. ప్యాట్సీ క్లైన్ 1961లో పాడిన 'క్రేజీ' ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఆ తర్వాతి దశకంలో అభ్యంతరాలు పెరిగాయి. 1974లో ఆస్ట్రేలియాలో పెరిగిన ఒలీవియా న్యూటన్-జాన్‌కు కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గాయని పురస్కారం ఇచ్చినప్పుడు నాష్‌విల్ కళాకారులు కొందరు నిరసనగా వేరే సంఘం పెట్టుకొన్నారు. 1977లో డాలీ పార్టన్ 'హియర్ యూ కమ్ అగైన్' పాటతో పాప్ శ్రోతలను చేరుకొంది. ఆ పాటలో స్టీల్ గిటార్ ఉండి తీరాలని ఆమె నిర్మాత గ్యారీ క్లీన్‌ను పట్టుబట్టి కోరింది. రేపెవరైనా 'ఇది కంట్రీ కాదు' అంటే చూపించడానికి ఆధారం ఉండాలన్నది ఆమె ఉద్దేశం. టెనెసీ కొండల్లో పేద రైతుకుటుంబంలో పుట్టి, ఆ జీవితాన్నే పాటలుగా రాసిన మనిషికి కూడా తన మూలాన్ని నిరూపించడానికి ఒక వాద్యం సాక్ష్యం కావలసి వచ్చింది. ఇక్కడ స్టీల్ గిటార్ అలంకారం కాదు, ధ్రువపత్రం.

పురుష గాయకులకు ఈ నిలదీత లేదనలేం. కానీ గాయనుల విషయంలో సంగీతం మీది విమర్శ చాలాసార్లు వేషధారణ మీదికీ, నడవడి మీదికీ మళ్లింది. షనయా ట్వేన్ దృశ్యగీతాలలోని దుస్తుల గురించి జరిగినంత చర్చ ఆమె పాటల ఛందస్సు గురించి జరగలేదు.

రెండు పాఠాలు: 'కమ్ ఆన్ ఓవర్'

షనయా ట్వేన్ 1965లో ఒంటారియో రాష్ట్రంలోని విండ్సర్‌లో పుట్టి, ఉత్తరాన గనుల పట్టణమైన టిమ్మిన్స్‌లో పెరిగింది. పెంపుడు తండ్రి ఒజిబ్వే తెగకు చెందినవాడు. 1987లో కారు ప్రమాదంలో తల్లిదండ్రులిద్దరూ మరణించగా, తమ్ముళ్ల, చెల్లెలి పోషణ కోసం ఆమె ఒక విహారకేంద్రంలో పాడింది. 1993లో మొదటి ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది నిర్మాత రాబర్ట్ జాన్ 'మట్' లాంగ్‌తో వివాహమైంది. ఏసీ/డీసీ బృందపు 'బ్యాక్ ఇన్ బ్లాక్' (1980), డెఫ్ లెపర్డ్ బృందపు 'హిస్టీరియా' (1987) నిర్మించిన లాంగ్ కంట్రీవాడు కాదు. హార్డ్ రాక్ ఆల్బమ్‌లలో ఆయన సాధించిన పద్ధతి – ఒకే పల్లవిని అనేక గొంతులు పొరలుపొరలుగా పాడినట్లు వినిపించడం, ప్రతి వాద్యాన్నీ విడిగా రికార్డు చేసి చెక్కడం – షనయా ట్వేన్ పాటలలోకి వచ్చింది. 1995 నాటి 'ది వుమన్ ఇన్ మీ'తో ఇది మొదలైంది.

1997 నవంబరులో వచ్చిన 'కమ్ ఆన్ ఓవర్' ప్రపంచవ్యాప్తంగా 4 కోట్లకు పైగా అమ్ముడైంది. అందులోని 'యు ఆర్ స్టిల్ ది వన్' బిల్‌బోర్డ్ ప్రధాన జాబితాలో 2వ స్థానానికీ, కంట్రీ జాబితాలో అగ్రస్థానానికీ చేరింది. అయితే ఈ ఆల్బమ్‌కు పాఠభేదం ఉంది. 1997లో అమెరికాలో విడుదలైన రూపంలో ఫిడేలూ, స్టీల్ గిటారూ ధారాళంగా వినిపిస్తాయి. 1998లో ఇతర దేశాల కోసం చేసిన రూపంలో వాటిని తగ్గించి, కీబోర్డు, విద్యుత్ గిటార్, పాప్ లయ పెంచారు. లండన్‌లోనో సిడ్నీలోనో ఈ పాటలను విన్నవారూ, నాష్‌విల్‌లో విన్నవారూ ఒకే పేరున్న రెండు పాఠాలను విన్నారు. ఏది మూలం, ఏది పరివర్తిత పాఠం అన్నది పాఠపరిష్కర్త అడిగే ప్రశ్న. కాలక్రమాన్ని బట్టి కంట్రీ రూపమే మూలం; కానీ లోకంలో ఎక్కువ చోట్ల వ్యాపించింది రెండవది.

మూడు రంగులు

ఐదేళ్ల తర్వాత 2002 నవంబరులో వచ్చిన 'అప్!' ఈ పాఠభేదాన్ని దాచకుండా అట్ట మీదే ప్రకటించింది. ఎర్ర డిస్క్ పాప్ రూపం. ఆకుపచ్చ డిస్క్ కంట్రీ రూపం. నీలం డిస్క్ భారతీయ సంగీత ఛాయలున్న రూపం. ఉత్తర అమెరికాలో ఎరుపు, ఆకుపచ్చ డిస్కులు జతగా వెలువడ్డాయి. ఇతర ప్రాంతాలలో ఎరుపు, నీలం జతగా వెలువడ్డాయి. అన్ని పాటలకూ రచన షనయా ట్వేన్, లాంగ్‌లదే. అమెరికాలో మొదటి వారంలోనే 8,74,000 ప్రతులు అమ్ముడై ఆల్బమ్ అగ్రస్థానంతో ప్రవేశించింది.

ఈ పంపకంలోనే ఒక సిద్ధాంతం దాగి ఉంది. ఎరుపు అందరికీ ఉమ్మడి. ఆకుపచ్చ ఇంటివారికి. నీలం బయటివారికి. అంటే పాప్‌ను ఏ ప్రాంతానికీ చెందని సామాన్యరూపంగానూ, కంట్రీని ఒక ప్రాంతపు యాసగానూ నిర్మాతలు భావించారు. ప్రమాణభాషకూ మాండలికానికీ మధ్య ఉందని మనం ఒకప్పుడు అనుకొన్న సంబంధమే ఇది. ప్రమాణభాష కూడా ఒక మాండలికమేనని భాషాశాస్త్రం చెప్పినట్టే, ఎర్ర డిస్క్‌లోని విద్యుత్ గిటార్లకూ, యంత్రలయకూ తమదైన చిరునామా ఉంది. అది 1980ల హార్డ్ రాక్ స్టూడియో.

మూడు డిస్కులనూ వరుసగా విన్నప్పుడు మొదట తోచేది వాద్యాల శక్తి. 'ఫరెవర్ అండ్ ఫర్ ఆల్వేస్' ఆకుపచ్చ రూపంలో స్టీల్ గిటార్ పాదాంతంలోని ఖాళీలను పూరిస్తూ గొంతుకు బదులు పలుకుతుంది. ఎరుపులో ఆ సంభాషణ ఉండదు. గొంతు వాద్యసమూహం మీద తేలుతుంది. మాట అదే, స్వరం అదే, కానీ ఒకచోట పాడుతున్నది తోడున్న మనిషి, మరొకచోట వేదిక మీది మనిషి. వాద్యం అర్థాన్ని మార్చదనే వాదం ఇక్కడ నిలవదు.

మరికొంత శ్రద్ధగా వింటే, వాద్యాలు తీసేసినా పోనిది ఒకటి మిగులుతుంది. అది మాతువులో ఉంది.

మాతువులోని కంట్రీ

పాటల పేర్లనే చూడవచ్చు. 'ఐయామ్ గొన్నా గెట్చా గుడ్!', 'ఎయింట్ నో పర్టిక్యులర్ వే', 'ఐ ఎయింట్ గోయిన్ డౌన్'. పాఠశాల వ్యాకరణం తప్పుపట్టే ప్రయోగాలు, నోట నలిగిన సంక్షిప్తరూపాలు శీర్షికలకే ఎక్కాయి. గ్రంథస్థమైన భాష కాక పలుకుబడిలోని భాషే పాటకు యోగ్యమన్న నిశ్చయం కంట్రీకి పుట్టుకతో వచ్చింది. ఎర్ర డిస్క్‌లో యంత్రలయ మోగుతున్నా ఈ పలుకుబడి చెరగదు.

రెండవది శీర్షికా చమత్కారం. నాష్‌విల్ రచయితలు పాటను తరచుగా శీర్షిక నుంచి వెనక్కు రాస్తారు. వాడుకలో ఉన్న మాటను తీసుకొని పల్లవి చివర దాన్ని ఒక మెలిక తిప్పుతారు. 'ఇట్ ఓన్లీ హర్ట్స్ వెన్ ఐయామ్ బ్రీతింగ్' అన్న పేరు దీనికి నమూనా: ఊపిరి తీసుకొన్నప్పుడు మాత్రమే నొప్పి, అంటే ఎప్పుడూ నొప్పే. తక్కువ చేసి చెబుతున్నట్లు నటిస్తూ ఎక్కువ చెప్పడం ఇందులోని చమత్కారం. మన అలంకారశాస్త్రంలో దీన్ని వక్రోక్తి పరిధిలో చర్చించవచ్చు. 'ఐయామ్ నాట్ ఇన్ ద మూడ్ (టు సే నో)!' కూడా ఇదే పని చేస్తుంది; కుండలీకరణం దాకా కాదన్నట్టుండి, కుండలీకరణంలో అవునంటుంది.

మూడవది వస్తువు. 'ఐ ఎయింట్ గోయిన్ డౌన్' చిన్న వయసులో తల్లియై, బిడ్డను ఒంటరిగా పెంచుకొన్న అమ్మాయి కథ. లోరెట్టా లిన్, డాలీ పార్టన్ వంటివారు 1960లు, 70లలో కంట్రీలోకి తెచ్చిన స్త్రీజీవిత కథనానికి ఇది కొనసాగింపు. ఈ పాటను నీలం డిస్క్‌లో విన్నా శ్రోత తెలుసుకొనేది ఆ అమ్మాయి బతుకునే.

అయితే అన్ని పాటలూ ఇలా లేవు. 'కా-చింగ్!' దుకాణంలోని నగదుయంత్రపు చప్పుడును అనుకరించే పేరు. అప్పుచేసి కొనుక్కొనే సమాజం మీద ఎత్తిపొడుపు ఇందులోని వస్తువు. అమెరికాలో దీన్ని సింగిల్‌గా విడుదల చేయలేదు; ఐరోపాలో చేస్తే బ్రిటన్ జాబితాలో 8వ స్థానానికి చేరింది. అదే పాటలను రెండేసి రూపాలుగా జతచేసి అమ్మిన ఆల్బమ్‌లో కొనుగోలు వ్యామోహాన్ని వెక్కిరించే పాట ఉండడంలోని విపరీతాన్ని విడిగా చెప్పనక్కరలేదు.

నీలం డిస్క్: ఏ భారతదేశం?

నీలం డిస్క్‌ను రూపొందించినవారు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన సైమన్, డైమండ్ దుగ్గల్ సోదరులు. భాంగ్రా, రెగ్గే కలిపి పాడిన అపాచీ ఇండియన్ తొలి రికార్డుల నిర్మాతలుగా వారు ప్రసిద్ధులు. మొదట పాప్ రూపానికి కొన్ని భాగాలు సమకూర్చడానికి వచ్చినవారు చివరకు మొత్తం 19 పాటలకూ ప్రత్యేక రూపం కూర్చారు. కొంత వాద్యభాగాన్ని ముంబయిలో రికార్డు చేశారు.

ఇందులో తబలా, సితార్ వంటి వాద్యాలూ, హిందీ సినిమాలను తలపించే వయొలిన్ల సమూహనాదమూ వినిపిస్తాయి. రాగం మాత్రం వినిపించదు. కారణం స్పష్టం. ధాతువు ముందే నిర్ణయమైంది. అది పాశ్చాత్య కార్డుల క్రమం మీద నిలిచిన వరుస. కార్డు మారినప్పుడల్లా ఆధారస్వరాల సమూహం మారే పాటకు, ఒకే ఆధారషడ్జం మీద విస్తరించే రాగం వెన్నెముక కాలేదు. అందువల్ల భారతీయత పాట లోపలికి ప్రవేశించక, చరణాల మధ్య ఖాళీలలోనూ, లయ పైపొరలోనూ నిలిచిపోయింది. దీన్ని దుగ్గల్ సోదరుల వైఫల్యంగా చెప్పడం న్యాయం కాదు. వాద్యం మాత్రమే మార్చే వీలున్నప్పుడు ఎవరు చేసినా అంతే చేయగలరు. పైగా కొన్ని పాటలలో ఎర్ర డిస్క్ కన్నా నీలం డిస్క్ లయే చురుకుగా ఉంది.

ప్రశ్నించవలసింది పేరును. ఇక్కడ 'భారతీయం' అన్నది వలసవెళ్లిన పంజాబీ కుటుంబాల బర్మింగ్‌హామ్, హిందీ సినిమాల ముంబయి కలిసిన ధ్వని. కర్ణాటక సంగీతం గానీ, బుర్రకథ గుమ్మెట గానీ, ఒగ్గుకథ డోలు గానీ దాని పరిధిలో లేవు. 1920లలో కేటలాగు కొండప్రాంతాల వైవిధ్యాన్ని 'హిల్‌బిల్లీ' అన్న ఒక్క మాటలోకి కుదించినట్లే, ఒక ఉపఖండపు నాదాలు నీలిరంగు అనే ఒక్క అరలోకి చేరాయి.

గాత్రం

మూడు డిస్కులలోనూ మారనిది గాత్రం. షనయా ట్వేన్ ఉచ్చారణలో కెనడా యాస కన్నా, అమెరికా దక్షిణాది యాసను తలపించే సాగదీత అక్కడక్కడా ఎక్కువ. చిన్నప్పటి నుంచి రేడియోలో విన్న, బార్‌లలో పాడిన కంట్రీ పాటల నుంచి అలవడిన ఉచ్చారణ అది. పుట్టుకతో వచ్చినది కాకపోయినా, నేర్చుకొన్న సంప్రదాయంగా అది నిజమైనదే. కర్ణాటక సంగీత గాయకుడు తెలుగు తన మాతృభాష కాకపోయినా త్యాగరాజ కృతిని తెలుగులోనే నేర్చుకొని పాడతాడు. ఆ తెలుగును ఎవరూ నకిలీ అనరు.

'అప్!' నుంచి వచ్చిన మొదటి సింగిల్ 'ఐయామ్ గొన్నా గెట్చా గుడ్!' అమెరికా కంట్రీ జాబితాలో 7వ స్థానానికీ, బ్రిటన్ సాధారణ జాబితాలో 4వ స్థానానికీ చేరింది. ఒకచోట ఆమె కంట్రీ గాయని, మరొకచోట పాప్ గాయని. తర్వాతి తరంలో టేలర్ స్విఫ్ట్ 'లవ్ స్టోరీ' వంటి పాటలకు పాప్ రేడియో కోసం వేరే మిశ్రణం తయారైంది. 2014లో '1989' ఆల్బమ్‌తో ఆమె రెండవ పాఠం అవసరం లేకుండా పూర్తిగా పాప్‌లోకి వెళ్లింది. బియాన్సే 2024లో 'కౌబాయ్ కార్టర్' వెలువరించినప్పుడు మళ్లీ అదే పాత నిలదీత ఎదురైంది. ఆ ఆల్బమ్ మరుసటి ఏడాది ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా గ్రామీ పొందింది. బాంజో ఎవరి పూర్వులతో అమెరికాకు వచ్చిందో తెలిసినవారికి ఆ నిలదీత మరింత వింతగా తోస్తుంది.

షనయా ట్వేన్ ఆ తర్వాత చాలాకాలం కొత్త ఆల్బమ్ వెలువరించలేదు. లైమ్ వ్యాధి కారణంగా స్వరపేటిక నరాలు దెబ్బతిని గొంతు అదుపు తప్పింది. లాంగ్‌తో వివాహం 2010లో రద్దయింది. 2017లో వచ్చిన 'నౌ' ఆల్బమ్‌లోని పాటలన్నీ ఆమె ఒక్కతే రాసింది. 2018లో గొంతుకు శస్త్రచికిత్స జరిగింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం డిస్కులు మూడింటిలోనూ ఒక్కటిగా నిలిచిన ఆ గొంతు 'నౌ'లో వినిపించదు. అందులో వినిపించేది మందమైన, కాస్త బరువెక్కిన మరో గొంతు. ఈసారి మారినది వాద్యం కాదు.